పలకలలోని కణుపు కన్నములు

కొయ్యపలకలలో అక్కడక్కడ గుండ్రని కన్నములు కనబడును. పలువురు వీనిని పురుగు తొలిచినవని తలతురు. పురుగు తొలిచినచోట పిండి రాలును; లోని దారి వంకరలు తిరుగును. కణుపు రాలిన కన్నము అట్టిది కాదు. దాని అంచు నున్నగ నుండును. పలక పోగులు ఇరుప్రక్కల ఒదిగి దానిని చుట్టి పోవును.

కణుపనగా మ్రానులో మునిగిన కొమ్మమొదలు. మ్రాను పొరపొరగా లావెక్కుచు కొమ్మ అడుగును తనలో కలుపుకొనును. కొమ్మ బ్రతికియున్నంత కాలము రెండింటి పోగులును పెనవైచుకొనును. అట్టి కణుపు ఊడదు. కొమ్మ చచ్చి, రాలక నిలిచినచో, అటుపై వచ్చు పొరలు దానిని చుట్టుకొనునే గాని దానితో కలియవు. కనుక ఒకే కణుపు మ్రాని నడుమ గట్టిగను, వెలుపలి పలకలలో వదులుగను ఉండవచ్చును.

పచ్చికొయ్య పూర్తిగా ఎండినపుడు పోగుల వెంబడి సాధారణముగా వెయ్యింటికి 1, 2 పాళ్లు మాత్రమే తగ్గును. అడ్డముగా నూటికి 3 మొదలు 10 పాళ్ల దాక తగ్గును. కణుపు పోగులు పలక మందము వెంబడి నిలిచియుండును. కాబట్టి పలక నిడివి ఇంచుమించు తగ్గకున్నను, కణుపు అన్నివైపుల కుంచించుకొనును. సందేర్పడి, రంపపు అదురునకో సుత్తిదెబ్బకో అది రాలును.

శివకాశిలో 1923లో ఆరంభమైన అగ్గిపెట్టెల పరిశ్రమ మన వత్రాప్ వారికి ఎఱుకయే. దుంగను తిప్పుచు పలుచని రేకుగా చెక్కి, దానిని పుల్లలుగా కోయుదురు. కణుపున్నచోట పుల్ల విఱుగును. ఇంటికొయ్యలో నష్టము ఇంతకంటె పెద్దది. బరువు మోయు దూలము నడుమ, అడుగంచున కన్నమున్నచో విఱుపు అచ్చటనే మొదలగును. అట్టి దూలమును బరువునకు వాడకుండుటయే మేలు. తలుపు పలకలోని కన్నమును అదే జాతి ముక్కతో పూడ్పవచ్చును. అది అందమునకే గాని బలమునకు గాదు.

అసలు మందు చెట్టునొద్దనే కలదు. కొమ్మ పచ్చిగా, సన్నగా నుండగనే మొదలి ఉబ్బును గాయపఱుపక కోసినచో, కోత మూసికొనిన పిమ్మట పెరుగు కొయ్య కణుపు లేక వచ్చును.

ఇక మాటల సంగతి. చెఱకు, వెదురుల ముడిని మనము కణుపందుము. తమిళులు ‘కణు’ అందురు. ఇవి తోబుట్టువులైన మాటలు. చెట్టునకు తొఱ్ఱ, ఎలుకకు కలుగు, చెవికి బెజ్జము, గోడకు కన్నము అని మన పెద్దలు వేఱువేఱుగ పలికిరి. నేటి బడిపిల్లలు పెక్కురు వీనికన్నిటికిని ‘ఓట్టై’ అను తమిళపు మాట నొక్కదానినే వాడుచున్నారు. తమిళము నేర్చుట మేలే. దానికై ఇంటిమాటలను విడువనక్కఱలేదు. ఇంట తలుపును, దూలమును చూపి ఈ పేళ్లను పిల్లలచే పలికించుట తల్లిదండ్రులకు శ్రమగాదు. వాడుకలో పచ్చిగా నున్న మాట ఊడిపోదు.