వాలుకు బట్ట, మట్టికి వేరు

బోడి మట్టివాలు మీద పెద్ద వానచినుకు సెకనుకు 9 మీటర్ల దాకా వేగంతో పడుతుంది. ఆ దెబ్బకు రేణువులు ఎగిరి, చాలావరకు ఎగిరిన చోటుకన్నా కాస్త దిగువనే పడతాయి. పారే నీరు వాటిని ఊడ్చుకుపోతుంది. వేలి మందాన మొదలైన చార కొన్ని వానలకే వాగులా కోసుకుపోతుంది. విజయవాడ కొండల్లోని ఖోండలైట్ రాయి నానినానీ మెత్తబడి మట్టిగా మారేది కావడంతో, ఇళ్ల కోసమో దారి కోసమో నిటారుగా తొలిచిన వాలు ఇక్కడ మరీ బలహీనం.

నేలకు ప్లాస్టిక్ బట్ట కప్పే ఆలోచన సముద్రపు ఒడ్డున పుట్టింది. 1958లో అమెరికాలోని ఫ్లోరిడా తీరాన కాంక్రీటు దిమ్మెల కింద ప్లాస్టిక్ దారాల నేత పరిచారు. నీరు బయటికి పోయింది, ఇసుక నిలిచింది. 1977లో ఫ్రెంచి ఇంజినీరు జిరూ దీనికి జియోటెక్స్‌టైల్ అని పేరు పెట్టాడు. ఇదే కోవలో మట్టిని బిగించే జియోగ్రిడ్, తేనెపట్టులా అరలుండే జియోసెల్, చిక్కుదారాల చాప వచ్చాయి.

చాప పరచడంలోనే పనితనమంతా ఉంది. వాలు పై అంచున చిన్న కందకం తవ్వి, చాప అంచును అందులో పూడ్చి, కిందికి దొర్లిస్తూ ఇనుప మేకులు దిగ్గొట్టాలి. చాప నేలను అంటుకోకపోతే నీరు దాని కిందుగా పారి మట్టిని తినేస్తుంది. అయినా ఎండకు ప్లాస్టిక్ పెళుసవుతుంది, కొబ్బరిపీచు చాప కొన్నేళ్లకే చివికిపోతుంది. మొక్క నిలదొక్కుకునే దాకా కాపలా కాయడమే దాని పని.

ఆ మొక్కల్లో వట్టివేరు గడ్డికి సాటి తక్కువ. బెజవాడ వేసవిలో తడికలుగా కట్టి నీళ్లు చల్లే వేళ్లు దీనివే. అవి పక్కలకు పాకకుండా నిట్టనిలువుగా దిగుతాయి, అనువైన నేలలో 3 మీటర్లకు మించి. వాలుకు అడ్డంగా, సమమట్టంలో, 10–15 సెంటీమీటర్ల ఎడంతో పిలకలు నాటితే అవి కలిసి దడి కడతాయి. కొట్టుకొచ్చే ఒండ్రు దాని వెనకే ఆగుతుంది.

చాప, వట్టివేరు రెండూ పైపొరనే కాస్తాయి. విజయవాడలో 2020 అక్టోబరులో ఇంద్రకీలాద్రి కొండపై రాళ్లు జారినప్పుడూ, 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో బండలు ఇళ్లపై పడి ప్రాణాలు తీసినప్పుడూ కదిలింది లోపలి పగుళ్ల రాయి. గడ్డి దాన్ని ఆపలేదు. అక్కడ ఉక్కు వలలు, రాతిలోకి దిగే కడ్డీలు, ఆనుడు గోడలు కావాలి. అన్నిటికీ ముందు పైనుంచి వచ్చే నీటిని పక్కకు మళ్లించే కాలువ ఉండాలి. దానిలోని పూడికను ఏటా తొలకరికి ముందే తీసి ఉంచాలి.