చెరువు అందఱిది, పూడిక ఎవ్వరిది?

చెరువు త్రవ్వించినవాని పేరు శిలాశాసనమున నిలుచును. ఏటేట పూడిక తీసినవాని పేరు ఊరివారికైనను జ్ఞాపకముండదు. గట్టు తెగిన యేడు అందఱును చెరువును దలతురు. గట్టు నిలిచిన యేడు దానిని కాచినవానిని దలచువారుండరు. చోడవరము ప్రాంతమున నీటినమ్మి చెఱకు వేయు రైతునకు ఈ సంగతి మేము బోధింపనక్కఱలేదు. కాని మన యిండ్లలోను, పాఠశాలలలోను, ఫోటో స్టూడియోలలోను నేడు మఱియొక చెరువు కలదు. కంప్యూటరుపై పాటను వినిపించి చలనచిత్రమును చూపు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే ఆ చెరువు. దాని పూడికనుగూర్చి నేడు మనవి చేయదలచితిమి.

1983లో రిచర్డ్ స్టాల్మన్ గ్నూ ప్రణాళికను ప్రకటించెను. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్సును వెలువరించెను. ఈ రెంటిని జేర్చి 1993లో ఇయాన్ మర్డాక్ డెబియన్ అను వ్యవస్థకు పునాది వేసెను. దానికి యజమాని లేడు. ఎవరైనను వాడవచ్చును, లోపలి వ్రాతను చదువవచ్చును, సవరింపవచ్చును, పొరుగువానికీయవచ్చును. మన కేంద్ర ప్రభుత్వ సంస్థయగు సి-డాక్ రూపొందించిన ‘బాస్’ డెబియన్ పునాదిపై కట్టబడినదే. హైదరాబాదులో 2005లో వెలసిన ‘స్వేచ్ఛ’ సంస్థ ఈ సంపదను తెలుగులోనికి దెచ్చుటకు పాటుపడినది.

2000లో ఫాబ్రిస్ బెలార్డ్ ఆరంభించిన ఎఫ్ఎఫ్ఎంపెగ్, పారిసు విద్యార్థుల కృషినుండి పుట్టిన వీఎల్‌సీ మొదలగునవి శబ్దచిత్రములను నడపు సాధనములు. కర్త వ్రాసినంతమాత్రమున అవి మన బల్లపై యంత్రమునకు చేరవు. మూలమును దెచ్చి, అనుమతి షరతులను పరిశీలించి, తక్కిన భాగములతో పొసగించి, వేర్వేఱు జాతుల యంత్రములకు తగినట్లు కూర్చి, ప్యాకేజీగా కట్టి యందించువాడు వేఱొకడు కలడు. వానిని నిర్వాహకుడందురు. డెబియన్‌లో ఈ శబ్దచిత్ర ప్యాకేజీలకు ప్రత్యేక బృందము కలదు. అందలివారు స్వచ్ఛందముగా శ్రమించువారు. 2025 ఆగస్టు 9న డెబియన్ 13వ సంపుటి వెలువడినది. ఇట్టి సంపుటి వెలువడిన పిదప సుమారు అయిదేండ్లవఱకు, అందలి ప్యాకేజీలలో బయటపడిన దోషములను, తక్కినది చెడకుండ సరిదిద్దుచుండవలెను. పారుచున్న కాలువలో నిలిచి గండి పూడ్చుటవంటి పని యిది.

ఆ పని యెంత కఠినమో రెండు నిదర్శనములు చాలును. 2011లో ఎఫ్ఎఫ్ఎంపెగ్ కర్తలు రెండుగా చీలిరి. డెబియన్ చీలికయగు లిబావ్‌ను గైకొని, 2015లో మఱల ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కు మరలెను. దానిపై నాధారపడిన ప్యాకేజీల నన్నిటిని తిరిగి కూర్చుకొనవలసి వచ్చెను. 2023 సెప్టెంబరులో లిబ్‌వెబ్‌పీ అను చిత్రసాధనములో దోషమొకటి బయటపడెను. దుర్జనుడు కల్పించి పంపిన బొమ్మను తెఱచినంతనే వాని యాజ్ఞ మన యంత్రముపై చెల్లు నవకాశముండెను. తమకు వేఱుగ ప్రతి నుంచుకొన్న సాఫ్ట్‌వేర్లు దేనికది దిద్దుకొనవలసి వచ్చెను. ఉమ్మడి ప్రతిని వాడినవానికి ఒక్క ప్యాకేజీని దిద్దిన చాలెను. ఉమ్మడి మదుమును బాగుచేసినచో దాని క్రింది మళ్లన్నియు బాగుపడును గదా!

ఇక కావలివాడు ఒంటరియైనచో ఏమగును? 2024 మార్చిలో లోకమది చూచెను. ఫైళ్లను కుదించు ఎక్స్‌జెడ్ అను సాధనమును ఏండ్లుగా ఒక్కడే అలసటతో మోయుచుండెను. సాయపడువానివలె వచ్చిన యొకడు రెండేండ్లకు పైగా నమ్మకము సంపాదించి, అందు దొంగదారి నమర్చెను. ప్రవేశమునకు అరసెకను ఆలస్యమగుటను గమనించి ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు దానిని పట్టెను. డెబియన్ స్థిరసంపుటి చెడలేదు. కాని ప్రమాదము వాకిటివఱకు వచ్చినది. కన్నము వేయుటకు దొంగ వెదకినది బలహీనమైన గోడను గాదు, తోడులేని కావలివానిని.

ఇది దూరదేశపు గొడవయని మన రైతులు తలపరాదు. తప్పెటగుళ్ల పాట, బుఱ్ఱకథ, తాతగారి కంఠధ్వని — ఇవన్నియు నేడు ఫైళ్లుగా పెట్టెలలో నున్నవి. 1995లో పుట్టి యొకప్పుడు వాడుకలో నుండిన రియల్ ఆడియో రీతిని నేడెందఱెఱుగుదురు? అడోబీ సంస్థ 2020 తుదిని ఫ్లాష్‌కు స్వస్తి చెప్పెను. వ్యాపారి యంగడి మూయుట వాని యిష్టము. మన పాట మూగవోవుట మన నష్టము. నాటి రియల్ ఆడియోను సయితము ఎఫ్ఎఫ్ఎంపెగ్ నేడును చదువగలుగుచున్నదన్నచో, అది విడువక కాచినవారి పుణ్యము.

కావున మేము కోరునది స్తోత్రము గాదు, వంతు. గోవాడలో సహకార పద్ధతిని చక్కెర కర్మాగారమును నెలకొల్పుకొన్న ప్రాంతమునకు ఉమ్మడి సొత్తనగానేమో తెలియును. వాటాదారుడు లాభమునే గాక భారమునుగూడ మోయవలెను. మన కళాశాలల విద్యార్థులు ఈ పనికి సముద్రము దాటనక్కఱలేదు. డెబియన్‌వారి వార్షిక మహాసభయే 2023లో కొచ్చికి వచ్చినది. క్రొత్తగా కూర్చిన ప్యాకేజీని పరీక్షించుట, దోషమెట్లు కలుగునో స్పష్టముగ వ్రాసి పంపుట, తెలుగు మాటలను సరిచూచుట — ఇవి మొదటి మెట్లు. నమ్మకము కుదిరిన పిదప ఒక ప్యాకేజీ భారము తలకెత్తుకొనవచ్చును. ఉచితముగ వాడుకొను పాఠశాలలును, వర్తకులును ఏటేట కొంత సొమ్ము చందాగా నిచ్చుట ధర్మము.

నీరు త్రాగినవాడెల్ల ఒక తట్ట మట్టి యెత్తినచో చెరువు పూడదు. చోడవరపు యువకులు తమ తట్టను తామెత్తుకొందురు గాక.