పాత మిలిటరీ బండికి గుడ్డ టాపా, రేకు టాపా?

పెబ్బేరు శనివారం సంతకు పశువులను దించిన డీసీఎంలు, లోడు మీద టార్పాలిన్ బిగించుకుని కర్నూలు వైపు సాగే లారీలు ఈ ఊరికి కొత్త కాదు. బండి మీద ఏది కప్పాలి, ఎలా కట్టాలి అన్నది 44వ నంబరు జాతీయ రహదారి పక్కన బతికేవాళ్లకు తెలిసిన విద్యే. అయితే సైన్యం వేలం వేసిన జోంగానో, విల్లీస్ కాలపు జీపునో, పాత మిలిటరీ ట్రక్కునో కొని ముచ్చటగా బాగుచేయించుకునేవాళ్లు ఇంజను, గేరుబాక్సు పని ముగిశాక ఒక దగ్గర ఆగిపోతారు. పైన గుడ్డ టాప్ వేయించాలా, రేకు టాప్ బిగించాలా? నన్ను అడిగితే మన ఎండలకైనా, ఆ బండి పుట్టుకకైనా గుడ్డ టాపే తగినది. రేకు టాప్ అవసరమయ్యేవాళ్లు కొందరున్నారు, వాళ్ల సంగతీ చెబుతాను.

మిలిటరీ బండ్లకు గుడ్డ టాప్ పెట్టింది పొదుపు కోసం మాత్రమే కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా లక్షల సంఖ్యలో చేసిన జీఎంసీ ట్రక్కులకు మొదట్లో రేకు క్యాబినే ఉండేది. యుద్ధం నడుస్తుండగానే దాన్ని తీసేసి కాన్వాసు టాప్‌కు మారారు. ఉక్కు మిగిలింది. టాప్ విప్పేస్తే ఎత్తు తగ్గి ఓడలో తక్కువ చోటు పట్టింది. పైనుంచి విమానం వస్తే డ్రైవరుకు కనబడింది, దూకి పారిపోవడానికి దారి దొరికింది. కొన్ని ట్రక్కులకు అదే చోట మెషిన్‌గన్ నిలిపే చక్రం బిగించారు. 1941 నుంచి వచ్చిన విల్లీస్ జీపుదీ ఇదే పద్ధతి, ముందు అద్దాన్ని కూడా బానెట్ మీదికి వాల్చేయవచ్చు. నిస్సాన్ పెట్రోల్ నమూనా మీద జబల్‌పూర్‌లో 1969 నుంచి మన సైన్యం కోసం తయారైన జోంగా కూడా ఆ సంప్రదాయంలో వచ్చిన బండే. ఇలాంటి బండ్ల బాడీ, స్ప్రింగులు, ముందు అద్దం ఫ్రేము అన్నీ తేలికైన టాప్‌ను లెక్కలో పెట్టుకుని చేసినవి. విల్లీస్ జీపు ఖాళీ బరువే సుమారు 1,040 కిలోలు. అంత చిన్న బండి నెత్తిన మందపాటి రేకు టాప్ పెడితే బరువు పైకి జరిగి, మలుపుల్లో ఒరుగుడు ఎక్కువవుతుంది. గతుకుల్లో ఆ టాప్ ఊగిన ఊగుడంతా అద్దం ఫ్రేము మూలలకు తగిలి, ముందు పగిలేది అక్కడే.

ఇక ఎండ సంగతి. మే నెలలో పెబ్బేరులో నలభై దాటిన వేడిలో ముదురు రంగు రేకును చేత్తో ముట్టుకోలేం. ఆ రేకు ఎండను తాగి, కింద కూర్చున్నవాళ్ల తలల మీదికి వేడిని కుమ్మరిస్తుంది. గుడ్డ కూడా వేడెక్కుతుంది, అందులో అనుమానం లేదు. కానీ అది పలచన, నీడలోకి రాగానే చల్లబడుతుంది. పక్క తెరలు చుట్టి పైకి కట్టేస్తే గాలి ఇటు నుంచి అటు పోతుంది. పాత బండ్లలో ఏసీ ఉండదు కాబట్టి గాలి ఆడటమే మనకున్న ఆధారం. ఎడారి దేశాలకు పంపిన ల్యాండ్‌రోవర్లకు ఆ కంపెనీ రేకు టాప్ మీద ఇంకో రేకు వేసి, మధ్యలో గాలి పారేందుకు సందు వదిలింది. ఒట్టి రేకు ఎండకు నిలవదని వాళ్లకూ తెలుసు. మన షెడ్లలో చేయించే టాపులకు అంత పని ఎవరూ చేయరు. లోపల ఫోమ్ అంటించి రెక్సిన్ కప్పుతారు. వేడి కొంత తగ్గుతుంది గానీ, ఆ ఫోమ్ వెనక చేరిన తడి ఎటూ పోక రేకు లోపలి నుంచే తుప్పు పడుతుంది. బయటికి కనిపించేనాటికి చిల్లులు పడి ఉంటాయి.

వానకు గుడ్డ టాప్ కారుతుందని చాలామంది భయం. కారేది గుడ్డ కాదు, దాదాపు ఎప్పుడూ కుట్టే. మంచి నూలు కాన్వాసులో తడి తగలగానే పోగులు ఉబ్బి సందులు మూసుకుంటాయి, నీళ్లు మీది నుంచి జారిపోతాయి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. వాన పడుతుండగా లోపలి నుంచి ఆ గుడ్డకు వేలు ఆనించారో, సరిగ్గా వేలు తాకిన చోటే చుక్క కట్టి కారడం మొదలవుతుంది. పిల్లలు సరదాకి గీత గీస్తే ఆ గీత పొడవునా నీళ్లు దిగుతాయి. పైపు ఫ్రేముకు గుడ్డ ఒరుసుకునే చోట కారడానికీ కారణం ఇదే, అందుకే అక్కడ రెండో పొర గుడ్డ వేసి కుడతారు. రెండు పైపుల మధ్య గుడ్డ వదులైతే నీళ్లు గుంటలా నిలిచి ఆ బరువుకు సాగిపోతుంది. బిగువు ముఖ్యం. తడిసిన టాప్‌ను మడిచి మూల పెడితే బూజు పట్టి కుళ్లిపోతుంది, ఆరాకే మడవాలి.

జీపుకు సీట్లు కుట్టే దుకాణాల్లో తక్కువ ధరకు రెక్సిన్ టాప్ వేసేస్తామంటారు. వద్దనే చెబుతాను. కొత్తలో నీళ్లు చుక్క దిగనివ్వదు గానీ, గాలి ఆడదు, మన ఎండకు బిరుసెక్కి మడత దగ్గర పగులుతుంది. ఒకసారి పగిలితే అతుకు నిలవదు.

గుడ్డ టాప్‌తో అసలు ఇబ్బంది దుమ్ము. నడిచే బండి వెనక గాలి పలచబడి, రోడ్డు మీద లేచిన దుమ్మును లోపలికి లాగుతుంది. మట్టి బాటలో వెనక తెర ఎత్తి, ముందంతా మూసుకుని పోతే మనిషి ఎర్రగా దిగుతాడు. వెనక తెర దించి, పక్కల ముందు భాగం కొంచెం తెరిస్తే చాలావరకు తగ్గుతుంది. హైవే మీద వేగం పెంచితే మాత్రం లోపల గాలి నిండి టాప్ ఉబ్బి కొట్టుకుంటుంది. బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన మీద పక్కగాలికి ఇది బాగా తెలిసొస్తుంది. అక్కడ వేగం తగ్గించడమే మందు.

రోజూ హైవే మీద దూరం తిరిగేవాళ్లు, బండిలో సామాను వదిలి తాళం వేసుకోవాల్సినవాళ్లు, షెడ్డు లేక ఆరుబయట నిలిపేవాళ్లు రేకు టాప్ కోరడంలో న్యాయముంది. కోతులు తిరిగే ఊళ్లో గుడ్డ టాప్‌ను బయట వదిలితే చీలికలు చేసి పెడతాయి, ఎలుకలు మడతల్లో కాపురం పెడతాయి. అలాంటివాళ్లకు నా మాట ఒకటే. బాడీకి కొత్త రంధ్రం వేయొద్దు, వెల్డింగ్ చేయించొద్దు. గుడ్డ టాప్ కోసం కంపెనీ ఇచ్చిన బోల్టు రంధ్రాల్లోనే నిలిచేలా, విప్పితే మచ్చ మిగలకుండా చేయించండి. ఫైబర్ టాప్ అయితే బరువు తక్కువ, తుప్పు లేదు. పల్టీ కొడితే మాత్రం అదీ కాపాడదు, రేకు టాప్‌నూ నమ్మలేం. ప్రాణం మీద లెక్క ఉంటే లోపల గట్టి పైపు కేజ్ గురించి ఆలోచించాలి.

చట్టం సంగతి చాలామంది చివర్లో చూస్తారు, ముందే చూడాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్సీలో రాసినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. 2021 జులైలో వచ్చిన వింటేజ్ నిబంధనల కింద నంబరు కావాలంటే మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి, బాడీ, ఛాసిస్, ఇంజను పెద్ద మార్పులు లేకుండా ఉండాలి. వెల్డింగ్ చేసిన రేకు టాప్ ఇక్కడే అడ్డుపడవచ్చు. ఆ నిబంధనలు టూవీలర్లకు, మనుషులు ప్రయాణించే చిన్న నాలుగు చక్రాల బండ్లకు వర్తిస్తాయి, సరుకు ట్రక్కులకు కాదు. సైన్యం బండికి ఆ యాభై ఏళ్లు ఏ తేదీ నుంచి లెక్కిస్తారో కొనకముందే ఆర్టీఓ ఆఫీసులో అడగండి. ఇంకో మాట, ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ బండ్లకే పరిమితం. ఎంత ముచ్చటైనా మన బండికి ఆ రంగు వేయకూడదు.

గుడ్డ టాప్‌కే మొగ్గితే, కుట్టే ముందు కాన్వాసును తడిపి ఆరబెట్టించండి. నూలు గుడ్డ మొదటి తడికే కుంచించుకుపోతుంది, కొలత తీసి కుట్టాక కుంచించుకుపోతే బొత్తాలు పెట్టుకోవడానికి రావు. దారం ఎండకు తెగనిది, మందమైనది అడగండి, కుట్టు రెండు వరుసలు వేయించండి. బిగించాక ఒక వాన తగలనిచ్చి లేదా పైపుతో నీళ్లు కొట్టి పూర్తిగా ఆరనివ్వండి. సూది రంధ్రాల చుట్టూ నూలు ఉబ్బి సర్దుకుంటుంది, మొదట్లో ఒకటి రెండు చుక్కలు పడినా కంగారు పడి మైనం రుద్దించనక్కర్లేదు. రెండో తడికీ అదే కుట్టు కారుతుంటే అప్పుడు ఆ ఒక్క కుట్టు మీదే మైనం రుద్దితే సరిపోతుంది.