కొత్త కంప్యూటరుకు ఆఫీస్ సాఫ్ట్‌వేర్: లైసెన్సు, ఎంపిక

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
• సాఫ్ట్‌వేర్ లైసెన్సు అంటే ఏమిటో వివరించగలుగుతారు.
• ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌కు ఉండే ప్రధాన లైసెన్సు రకాల మధ్య తేడాలు గుర్తించగలుగుతారు.
• మీ అవసరానికి తగిన సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోగలుగుతారు.

1. పరిచయం

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ సంస్థ తన భారతదేశ అభివృద్ధి కేంద్రాన్ని హైదరాబాద్‌లో నెలకొల్పింది. దాని ప్రాంగణం గచ్చిబౌలిలో ఉంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను తెలుగువారికి చేరువ చేయడానికి కృషి చేస్తున్న ‘స్వేచ్ఛ’ సంస్థ కార్యాలయమూ గచ్చిబౌలిలోనే ఉంది. డబ్బు చెల్లించి షరతులతో వాడుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి, ఎవరైనా వాడుకుని ఇతరులకు పంచగలిగే సాఫ్ట్‌వేర్ మరొకటి. ఈ రెండు పద్ధతులూ మన నగరంలో పక్కపక్కనే పెరిగాయి. కొత్త కంప్యూటరు కొన్న రోజున వీటిలో ఏదో ఒకదాన్ని మీరు ఎంచుకోవలసి ఉంటుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కొండాపూర్‌లో ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి ల్యాప్‌టాప్ కొనడానికి దుకాణానికి వెళ్లిందనుకోండి. దుకాణదారు “ఆఫీస్ కూడా వేసే ఇస్తామమ్మా” అన్నాడు. ఈ మాటకు మూడు అర్థాలు ఉండవచ్చు: తయారీదారు ల్యాప్‌టాప్‌తో పాటు ఇచ్చిన లైసెన్సు, కొద్దిరోజుల ప్రయోగాత్మక కాపీ, లేదా అనుమతి లేని దొంగ కాపీ. మూడూ తెర మీద ఒకేలా కనిపిస్తాయి. తేడా లైసెన్సులోనే ఉంటుంది.

2. మీరు కొనేది ఏమిటి?

పుస్తకం కొంటే ఆ ప్రతి మీదే. చదివాక స్నేహితురాలికి ఇచ్చేయవచ్చు. సాఫ్ట్‌వేర్ విషయం వేరు. దానిపై హక్కు తయారుచేసిన సంస్థకే ఉంటుంది. మీరు చెల్లించే సొమ్ము కొన్ని షరతులతో వాడుకునేందుకు పొందే అనుమతికి మాత్రమే. ఆ అనుమతినే లైసెన్సు అంటారు.

మన కాపీరైట్ చట్టం, 1957 కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్య కృతిగా పరిగణిస్తుంది. దొంగ కాపీ అని తెలిసి వాడితే సెక్షన్ 63బి ప్రకారం 7 రోజుల నుంచి 3 సంవత్సరాల వరకు జైలుశిక్ష, రూ.50,000 నుంచి రూ.2 లక్షల వరకు జరిమానా ఉంటాయి. లాభం కోసమో వ్యాపారంలో భాగంగానో వాడలేదని తేలితే, న్యాయస్థానం జైలుశిక్ష లేకుండా రూ.50,000 వరకు జరిమానాతో సరిపెట్టవచ్చు.

శిక్ష మాట అటుంచి, నష్టం ముందు మీకే. దొంగ కాపీని నడిపించే ప్రోగ్రాములు సాధారణంగా యాంటీవైరస్‌ను ఆపమని అడుగుతాయి. మీ బ్యాంకు వివరాలు, ప్రాజెక్టు నివేదిక ఉన్న కంప్యూటరుకు కాపలా తీసేయడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

3. లైసెన్సు రకాలు

(అ) కంప్యూటరుతో వచ్చేది: ఇది ఆ ఒక్క యంత్రానికే పరిమితం. ల్యాప్‌టాప్ పాడైతే లైసెన్సు కొత్తదానికి మారదు. దీన్ని మీ సొంత ఈమెయిల్ ఖాతాతోనే యాక్టివేట్ చేయండి. దుకాణంలో మరొకరి ఖాతాతో చేయిస్తే, రేపు మళ్లీ ఇన్‌స్టాల్ చేయవలసి వచ్చినప్పుడు ఆ వ్యక్తి కోసం వెతుక్కోవాలి.

(ఆ) ఒకసారి కొనేది: ఒక్కసారి చెల్లిస్తే ఎంతకాలమైనా వాడుకోవచ్చు. అయితే భద్రతా సవరణలు శాశ్వతం కావు. ఆఫీస్ 2019కి 2025 అక్టోబరు 14, ఆఫీస్ 2021కి 2026 అక్టోబరు 13, ఆఫీస్ 2024కి 2029 అక్టోబరు 9 ఆఖరి తేదీలు.

(ఇ) చందా: మైక్రోసాఫ్ట్ 365 ఈ రకానికి చెందింది. నెలకో ఏడాదికో చెల్లించాలి. ఫ్యామిలీ చందాను 6 మంది వరకు పంచుకోవచ్చు. గడువు ముగిశాక ఫైళ్లు తెరిచి చదవవచ్చు, ముద్రించవచ్చు కానీ మార్చలేరు. ప్రయోగాత్మక కాపీ గడువు దాటినా ఇదే పరిస్థితి. నివేదిక సమర్పించే ముందురోజు రాత్రి ఇది తెలిస్తే ఎంత ఇబ్బందో చెప్పనక్కరలేదు.

(ఈ) స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్: లిబ్రేఆఫీస్ ఇందుకు మంచి ఉదాహరణ. 2010లో ఓపెన్‌ఆఫీస్ నుంచి విడివడి రూపొందింది. దీన్ని ఉచితంగా దించుకోవచ్చు, ఎన్ని కంప్యూటర్లలోనైనా వేసుకోవచ్చు, కార్యాలయంలోనూ వాడవచ్చు, స్నేహితులకూ ఇవ్వవచ్చు. తెలుగు మెనూలు కూడా ఉన్నాయి.

గమనిక: గూగుల్ డాక్స్ వంటివి ఉచితంగా లభించినా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కావు. అవి ఆ సంస్థ షరతులకు లోబడి ఇంటర్నెట్ ద్వారా అందే సేవలు.

4. ఎలా ఎంచుకోవాలి?

ముందుగా, చేతిలో ఉన్నదేమిటో చూసుకోండి. వర్డ్‌లో ‘ఫైల్’ నొక్కి ‘అకౌంట్’ తెరిస్తే, యాక్టివేట్ అయిందా, ఏ రకం, ఎవరి ఖాతా అన్నది కనిపిస్తుంది. తరువాత ఈ ప్రశ్నలు వేసుకోండి.

మీ పని ఏమిటి? వ్యాసాలు, నివేదికలు, మామూలు లెక్కల పట్టికలైతే లిబ్రేఆఫీస్ సరిపోతుంది. ఉద్యోగంలో ఎక్సెల్ మాక్రోలు ఉన్న ఫైళ్లతో రోజూ పనిచేయాలంటే ఎక్సెల్ కొనడమే మంచిది. ఎందుకంటే అవి వేరే సాఫ్ట్‌వేర్‌లో అన్నివేళలా సరిగా నడవవు.

ఇంటికా, వ్యాపారానికా? ఆఫీస్ హోమ్ అండ్ స్టూడెంట్ 2021 వంటి ఇంటి లైసెన్సులు వ్యాపార వినియోగానికి వర్తించవు. ఇంటి నుంచి డబ్బు తీసుకుని టైపింగ్ చేసేవారు ఈ షరతు చూసుకోవాలి.

ఎంతకాలం? చందా అయితే మొదటి ఏడాది ధర చూసి నిర్ణయించకండి. డిగ్రీ 3 ఏళ్లయితే ఏడాది చందాను 3తో గుణించి, ఒకసారి కొనే ధరతో పోల్చండి.

తెలుగులో రాస్తారా? ఏ సాఫ్ట్‌వేర్ వాడినా యూనికోడ్‌లోనే టైపు చేయండి. పాత డీటీపీ ఫాంట్లతో చేసిన ఫైలు ఆ ఫాంట్ లేని కంప్యూటరులో అర్థంకాని గుర్తులుగా కనిపిస్తుంది. మండలి వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి.

5. సారాంశం

సాఫ్ట్‌వేర్ కొనడమంటే వాడుకునే అనుమతి పొందడం. ఆ అనుమతి ఏ యంత్రానికి, ఎవరి పేరున, ఏ పనికి, ఎంతకాలానికి అన్న నాలుగు విషయాలు తెలుసుకున్నాకే డబ్బు చెల్లించండి. కొనే స్తోమత లేకపోతే దొంగ కాపీ ఒక్కటే దారి అనుకోనవసరం లేదు. చట్టబద్ధంగా, ఖర్చు లేకుండా చదువు సాగించే వీలు మీకుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. పుస్తకం కొనడానికీ సాఫ్ట్‌వేర్ కొనడానికీ తేడా ఏమిటి?
2. చందా గడువు ముగిస్తే మీ ఫైళ్లతో ఏం చేయగలరు, ఏం చేయలేరు?
3. మీ కంప్యూటరులోని ఆఫీస్ సాఫ్ట్‌వేర్ ఏ రకం లైసెన్సుకు చెందుతుందో పరిశీలించి అయిదు వాక్యాల్లో రాయండి.