నాలుగు బీద దేశముల ప్రత్తి తగాదా



దూది ధర పడిపోతే నూలు చవుక అగును గదా, మనకేమి నష్టమని మన సంఘములో ఒకరు అడిగినారు. న్యాయమైన ప్రశ్నయే. అయితే ఆ చవుక ఎవరి కడుపు కొట్టి వచ్చినదో కూడ తెలియవలెను.

ఆఫ్రికాలోని బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి దేశములను ఐక్యరాజ్య సమితి మిక్కిలి వెనుకబడిన వానిలో చేర్చినది. అక్కడ చిన్న కమతములలో ఇంటిల్లిపాదీ చేతులతో ప్రత్తి ఏరుదురు. 2001 చివర ప్రపంచ మార్కెట్టులో పౌను దూది 40 సెంట్లకు లోపు పడిపోయినది. అమెరికాలో ప్రత్తి రైతులు సుమారు 25 వేల మంది. 2001-02లో వారికి ప్రభుత్వము ఇచ్చిన సబ్సిడీ 200 కోట్ల డాలర్లు దాటినది. ధర పడినా వారు సాగు తగ్గించనక్కర లేదు. ఆ సరుకంతయు మార్కెట్టుకు వచ్చి ధరను మరింత క్రుంగదీసినది. ఆఫ్రికా రైతును ఆదుకొనుటకు అంత ఖజానా వారి ప్రభుత్వములకు లేదు.

ప్రపంచ వాణిజ్య సంస్థలో ఓట్లు లెక్కించే అలవాటు లేదు. అందరూ ఒప్పుకొన్నగాని నిర్ణయము కాదు. కనుక చిన్న దేశమునకూ బలమున్నదనవచ్చును. కాని జెనీవాలో ఒకే వారములో అనేక కమిటీలు కూర్చుండును. బీద దేశమునకు అక్కడ ఉండేది ఇద్దరు ముగ్గురు అధికారులే, అన్నిటికీ పోలేరు. అందుచేత ఈ నలుగురూ ఒక్క ప్రత్తినే పట్టుకొని, ఒక్క గొంతుతో మాట్లాడినారు. 2003 జూన్ 10న బుర్కినా ఫాసో అధ్యక్షుడు బ్లేజ్ కంపొరే స్వయముగా జెనీవా వెళ్లి మొర వినిపించినాడు. అడిగినది దానము కాదు. సబ్సిడీలను క్రమముగా ఎత్తివేయుడు, అంతవరకు మా నష్టము పూడ్చుడు అని.

ఆ సెప్టెంబరులో మెక్సికోలోని కాన్‌కూన్ మహాసభకు వచ్చిన ముసాయిదాలో సబ్సిడీ ఎత్తివేతకు గడువు లేదు. పైగా ప్రత్తిపై ఆధారపడిన దేశములు ఇతర వృత్తులకు మళ్లుటకు సాయము చేయవలెనని ఉన్నది! మగ్గము దిగి వేరే పని చూచుకొమ్మని మనకు చెప్పే పెద్దలు గుర్తుకు రాలేదా? వారు ఒప్పుకొనలేదు. ఇతర తగాదాలు కూడ కలిసి సభ విఫలమైనది.

అమెరికా సబ్సిడీలపై బ్రెజిల్ వేరుగా వ్యాజ్యము వేసి 2005లో అప్పీలులోను గెలిచినది. 2014 రాజీలో 30 కోట్ల డాలర్లు బ్రెజిల్ ప్రత్తి రంగమునకు ముట్టినవి. బెనిన్, చాద్ అందులో మూడవ పక్షముగా నిలిచినవి; అట్టివారికి ప్రతిచర్య హక్కు ఉండదు. సొంతముగా వ్యాజ్యము నడుపుటకు వకీళ్ల ఖర్చే మోయరాని భారము.

2005 డిసెంబరులో హాంకాంగ్ మహాసభలో కొంత లాభించినది. ధనిక దేశములు ప్రత్తి ఎగుమతి సబ్సిడీలను 2006లో మానవలెననియు, వెనుకబడిన దేశముల ప్రత్తిని సుంకము లేకుండ రానీయవలెననియు నిర్ణయించిరి. రెండవది వినుటకు బాగున్నది. కాని అమెరికాయే దూది ఎగుమతి చేసే దేశము. ఆఫ్రికా దూది ఎక్కువగా ఆసియా మిల్లులకు పోవును. సాలె ఇంటికి పంచెలు అమ్మబోవుటకు అనుమతి దొరికినట్లున్నది.

అసలు పేచీ స్వదేశములో రైతుకిచ్చే సబ్సిడీ. అది 2015 నైరోబీ సభలో తేలలేదు, 2024 అబుధాబి సభలోను తేలలేదు. నలుగురూ మాత్రము ప్రతి సభకూ అదే కాగితము పట్టుకొని వచ్చినారు.