కొత్త కారు కొంటున్నారా? మొహమాటం ఇంట్లో వదిలేయండి

సుల్తాన్ బజార్‌లోనో, బెజవాడ బీసెంట్ రోడ్డులోనో యాభై రూపాయల కోసం అరగంట నిలబడి వాదించే మనవాళ్లు, అమెరికాలో పాతిక వేల డాలర్ల కారు దగ్గరికి వచ్చేసరికి నోరు మెదపరు. వాల్‌మార్ట్‌లో బేరం లేదు, కాస్ట్‌కోలో బేరం లేదు. ఇక్కడ రాసిపెట్టిందే ధర అని వచ్చిన మొదటి నెలలోనే ఒంటికి పట్టేస్తుంది. కొత్త కారు దగ్గర ఆ లెక్క చెల్లదు. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లు కూడా కారు షోరూమ్‌కి వెళ్లేటప్పుడు బేరానికి సిద్ధపడే వెళ్తారు. వాళ్లకీ అది ఇష్టమైన పనేం కాదు. కాకపోతే తప్పదని వాళ్లకు తెలుసు, కొత్తగా వచ్చిన మనకు తెలియదు.

డల్లాస్, హ్యూస్టన్, అట్లాంటా లాంటి ఊళ్లలో కారు లేకపోతే కాళ్లు లేనట్టే. ఎమ్మెస్ అయిపోయి ఉద్యోగంలో చేరిన కుర్రాడికి రూమ్మేట్ కారులో ఎన్నాళ్లు వెళ్లాలన్న ఆత్రం. మరోపక్క ఇండియాలో చదువు అప్పు ఇంకా తీరలేదు. క్రెడిట్ హిస్టరీ ఏడాది కూడా నిండలేదు. ఎదుటి కుర్చీలో ఉన్న సేల్స్‌మన్‌కి ఇవన్నీ రెండు నిమిషాల్లో అర్థమైపోతాయి. అందుకే ఈ లెక్కలన్నీ షోరూమ్ గడప తొక్కకముందే ఇంట్లో కూర్చుని చూసుకోవాలి.

అద్దం మీద రెండు కాగితాలు

కొత్త కారు కిటికీ అద్దానికి ఒక పెద్ద కాగితం అంటించి ఉంటుంది. దాన్ని మన్రోనీ స్టిక్కర్ అంటారు. ఓక్లహామా సెనేటర్ మైక్ మన్రోనీ చొరవతో 1958లో వచ్చిన చట్టం ప్రకారం అది ఉండి తీరాలి. అంతకుముందు ఒకే కారుకు ఒక్కో డీలర్ ఒక్కో అసలు ధర చెప్పేవాడట. కారు అసలు ధర, ఫ్యాక్టరీలో బిగించిన అదనపు హంగులు, ఫ్యాక్టరీ నుంచి డీలర్ దాకా తెచ్చిన రవాణా ఖర్చు, చివరికి మొత్తం... అన్నీ ఆ కాగితం మీద ఉంటాయి. ఆ మొత్తాన్నే ఎంఎస్ఆర్‌పీ అంటారు. కంపెనీ సూచించిన ధర అని దానర్థం. సూచన మాత్రమే. చిన్న కార్లకు సైతం వెయ్యి డాలర్లకు పైనే ఉండే రవాణా ఖర్చు మీద మాత్రం బేరం నడవదు, అది కంపెనీ వేసింది.

చాలాచోట్ల దాని పక్కనే రెండో కాగితం ఒకటి కనిపిస్తుంది. అచ్చం మొదటిదానిలాగే ముద్రించి ఉంటుంది. అది కంపెనీది కాదు, డీలర్‌ది. పెయింట్ ప్రొటెక్షన్, టైర్లలో నైట్రోజన్, అద్దాల మీద నంబరు చెక్కడం, డోర్ అంచులకు ప్లాస్టిక్ పట్టీలు... ఇలా వెయ్యి, రెండు వేలు అక్కడ కలిపేస్తారు. (మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజనే. దానికి వందల డాలర్లు కట్టడం ఎందుకో ఆలోచించుకోండి.) 2021, 2022లో చిప్‌ల కొరత వచ్చి బండ్లు దొరకనప్పుడు ఈ రెండో కాగితం మీద 'మార్కెట్ అడ్జస్ట్‌మెంట్' అని ఒక్క ముక్క రాసి వేలకు వేలు గుంజారు. ఆ కరవు పోయింది గానీ కొన్నిచోట్ల ఆ కాగితం అలవాటు పోలేదు. మన బేరం మొదటి కాగితం మీద. రెండోదాన్ని అసలు లెక్కలోకే రానివ్వకూడదు.

ఇన్వాయిస్ అసలు కథ

ఇంకో మాట తరచూ వినిపిస్తుంది: ఇన్వాయిస్ ధర. కంపెనీ డీలర్‌కి వేసిన బిల్లు అన్నమాట. ఎడ్మండ్స్, కెల్లీ బ్లూ బుక్ లాంటి చోట్ల ఏ కారు ఏ ఊళ్లో సుమారు ఎంతకు అమ్ముడవుతోందో చూసుకోవచ్చు. సేల్స్‌మన్ ఇన్వాయిస్ కాగితం తీసి బల్ల మీద పెట్టి, "ఇదిగో, ఇంతకంటే ఒక్క డాలర్ తగ్గినా మాకు నష్టం" అంటే కరిగిపోకండి. కారు అమ్ముడయ్యాక చాలా కంపెనీలు ఆ ధరలో రెండు మూడు శాతం డీలర్‌కి వెనక్కి ఇస్తాయి. దాన్ని హోల్డ్‌బ్యాక్ అంటారు. నెలకో, మూడు నెలలకో ఇన్ని బండ్లు అమ్మితే ఇంత అని బోనస్‌లు వేరే. నెలాఖరున బేరం తేలిగ్గా తెగుతుందనే మాట ఇందుకే పుట్టింది.

అయితే ఉన్నమాట చెప్పుకోవాలి. కరోలా, సివిక్, ఎలాంట్రా, మాజ్డా 3 లాంటి చిన్న కార్లలో స్టిక్కర్‌కీ ఇన్వాయిస్‌కీ మధ్య పెద్ద ఎస్‌యూవీల్లో ఉన్నంత ఎడం ఉండదు. ఐదు వేలు తగ్గించమంటే నవ్వుతారు. డీలర్‌కి చిన్న కారులో ఆదాయం బండి ధర మీద తక్కువ, దాని చుట్టూ అల్లిన ఫీజులు, వడ్డీ, వారంటీల మీద ఎక్కువ. చాలామంది ధర దగ్గర గంటసేపు పోట్లాడి ఐదొందలు తగ్గించుకుంటారు. తర్వాత పక్క గదిలో పది నిమిషాల్లో రెండు వేలు ఇచ్చి వస్తారు.

నెలకు ఎంత కట్టగలరు?

షోరూమ్‌లో మొదట అడిగే ప్రశ్న ఇదే. దీనికి జవాబు చెప్పారా, బేరం అక్కడితో అయిపోయినట్టే. ఫ్రిస్కోలో ఉద్యోగం చేస్తున్న ఒక ఖమ్మం కుర్రాడు "నాలుగు వందలు" అన్నాడు. సేల్స్‌మన్ లోపలికి వెళ్లి, మేనేజర్‌తో మాట్లాడి వచ్చి "నీ అదృష్టం, 398కే ఒప్పించాను" అన్నాడు. సంతకం పెట్టబోతూ ఎందుకో అనుమానం వచ్చి ఎన్ని నెలలని అడిగాడు. 72. కారు ధర ఎంతో అప్పటిదాకా ఎవరూ ఎత్తలేదు. ఇతనూ అడగలేదు. రేపు వస్తానని లేచి వచ్చేశాడు. వెనకాలే మేనేజర్ వచ్చి "ఈ ధర ఈ పూటకే" అన్నాడట. మర్నాడూ అదే ధర ఉంది.

లెక్క చూడండి. 24,000 డాలర్ల అప్పు, ఆరు శాతం వడ్డీ. 60 నెలలకైతే నెలకు 464. 72 నెలలకు 398. 84 నెలలకు 351. వినడానికి చివరిది హాయిగా ఉంటుంది. కానీ మొత్తం వడ్డీ మొదటిదానికి సుమారు 3,840 అయితే చివరిదానికి 5,450. పైగా ఏడేళ్ల అప్పులో మొదటి రెండు మూడేళ్లు కారు విలువకంటే బాకీ ఎక్కువ ఉండే ప్రమాదం ఉంది. మధ్యలో వీసా సంగతి తేడా వచ్చి ఇండియా వెళ్లిపోవాల్సి వస్తే, కారు అమ్మి పైన చేతి డబ్బు వేసి అప్పు తీర్చాలి. ఉద్యోగాలు పోయి హడావుడిగా బండ్లు అమ్ముకున్నవాళ్లకు ఈ బాధ బాగా తెలుసు.

ఆ కుర్రాడు తర్వాత చేసిన పని అందరూ చేయదగినది. ఏ మోడల్, ఏ ట్రిమ్, ఏ రంగో తేల్చుకుని చుట్టుపక్కల ఆరుగురు డీలర్ల ఇంటర్నెట్ సేల్స్ మేనేజర్లకు ఒకే ఈమెయిల్ పంపాడు. "నేను ఈ వారంలో కొంటాను. పన్ను, రిజిస్ట్రేషన్, అన్ని ఫీజులూ కలిపి అవుట్ ది డోర్ ధర ఎంతో వివరంగా రాసి పంపండి" అని. ఇద్దరు జవాబివ్వలేదు. ఒకరు షోరూమ్‌కి వస్తేగానీ చెప్పం అన్నారు. మిగిలిన ముగ్గురి ధరల మధ్య, అదే కారుకు, పంతొమ్మిది వందల డాలర్ల తేడా! ఎక్కువ చెప్పినవాడి చీటీలో రెండో కాగితం సరుకంతా ఉంది. తక్కువ ధర చీటీని ఇంటికి దగ్గరగా ఉన్న డీలర్‌కి పంపిస్తే ఆయన వంద ఎక్కువకు దిగొచ్చాడు. సర్వీసుకు దగ్గర కదా అని అక్కడే తీసుకున్నాడు.

అవుట్ ది డోర్ అన్న మూడు ముక్కలు గుర్తుపెట్టుకోండి. బయటికి కారు నడుపుకుంటూ వచ్చేసరికి జేబులోంచి పోయే మొత్తం అది. డీలర్ వేసే డాక్యుమెంట్ ఫీజు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాలిఫోర్నియాలో పరిమితి 85 డాలర్లు, న్యూయార్క్‌లో 175. ఫ్లోరిడాలో పరిమితే లేదు, వెయ్యి డాలర్ల దాకా వేసేవాళ్లు ఉన్నారు. అది అందరికీ ఒకటే, తగ్గించలేం అంటారు. మంచిది, అంత మేరకు కారు ధరలో తగ్గించమనండి. పన్ను మాత్రం మీరు ఉండే రాష్ట్రం లెక్కే. టెక్సాస్‌లో 6.25 శాతం, న్యూజెర్సీలో 6.625. పన్ను లేని ఒరెగాన్‌కి వెళ్లి కొనుక్కొస్తే కలిసొస్తుందనుకోకండి, మీ ఊళ్లో రిజిస్టర్ చేసేటప్పుడు వసూలు చేస్తారు.

వెనక గది

ధర కుదిరాక "కాగితాల పని" అని వేరే గదిలోకి తీసుకెళ్తారు. అక్కడ కూర్చునే ఫైనాన్స్ మేనేజర్ సేల్స్‌మన్‌కంటే మర్యాదస్తుడు, చాకచక్యం ఉన్నవాడు. ఎక్స్‌టెండెడ్ వారంటీ, గ్యాప్ ఇన్సూరెన్స్, టైర్ అండ్ వీల్ ప్యాకేజీ అంటూ ఒక్కొక్కటీ "నెలకు పాతికే కదా" అని చెప్తాడు. వీటిలో ఏదీ అప్పు రావడానికి తప్పనిసరి అని డీలర్ అంటే బ్యాంకుకి ఫోన్ చేసి కనుక్కోండి.

అంతకంటే పెద్దది వడ్డీ. బ్యాంకు మీకు ఆరు శాతానికి ఇస్తానంటే, డీలర్ దాని మీద ఒకటో రెండో శాతం కలిపి ఎనిమిది అని చెప్పొచ్చు. అది చట్టబద్ధమే. 24,000 మీద 60 నెలలకు ఆ రెండు శాతం విలువ సుమారు 1,360 డాలర్లు. అందుకే షోరూమ్‌కి వెళ్లేలోగా ఒకటి రెండు క్రెడిట్ యూనియన్లలో అప్పు మంజూరు చేయించుకుని ఆ కాగితం జేబులో పెట్టుకోవాలి. "దీనికంటే తక్కువకు ఇస్తే మీ దగ్గరే తీసుకుంటా" అంటే సరి. పలుచోట్ల అడిగితే స్కోరు పడిపోతుందని భయపడకండి. రెండు వారాల లోపు కారు అప్పు కోసం ఎన్నిచోట్ల అడిగినా స్కోరు లెక్కలో ఒక్కసారి కిందే వస్తుంది.

క్రెడిట్ హిస్టరీ లేనివాళ్ల సంగతి? ఇక్కడ చదువు పూర్తిచేసినవాళ్లకు టొయోటా, హోండా లాంటి కంపెనీల కాలేజీ గ్రాడ్యుయేట్ పథకాలు ఉన్నాయి. కొత్తగా డిగ్రీ తీసుకుని ఉద్యోగం చూపిస్తే అప్పు సులువు, దాంతోపాటు కొంత రిబేటు. సాధారణంగా ఆ కంపెనీ ఫైనాన్స్ దగ్గరే అప్పు తీసుకోవాలన్న షరతు ఉంటుంది. ఇది సేల్స్‌మన్ తనంతట తాను చెప్పకపోవచ్చు, మీరే అడగాలి. కొందరు అప్పు ఖరారు కాకుండానే తాళాలు ఇచ్చేసి, పది రోజుల తర్వాత పిలిచి "ఆ వడ్డీకి రాలేదు, కొత్త కాగితం మీద సంతకం పెట్టండి" అంటారు. అప్పటికి ఇండియాకు ఫొటోలు పంపేసి ఉంటాం. బ్యాంకు ఒప్పుకున్నట్టు రాతలో చూసుకున్నాకే బండి బయటికి తీయండి. సంతకం పెట్టాక మూడు రోజుల్లో తిరిగి ఇచ్చేయొచ్చన్నది మాత్రం అపోహ. ఇంటికొచ్చి అమ్మే సరుకులకున్న ఆ ఫెడరల్ నియమం షోరూమ్‌లో కొన్న కారుకు వర్తించదు.

2025 చట్టంతో ఇంకొకటి వచ్చింది. అమెరికాలో తయారైన కొత్త కారు మీద కట్టే వడ్డీలో ఏడాదికి 10,000 డాలర్ల దాకా ఆదాయపు పన్ను లెక్కలో మినహాయింపు. 2025 నుంచి 2028 దాకా ఇది వర్తిస్తుంది. ఆదాయం ఒంటరిగా లక్ష, దంపతులకు రెండు లక్షలు దాటితే తగ్గుతూ పోతుంది. కరోలా సెడాన్ మిసిసిపీలో తయారవుతుంది. సివిక్ కొన్ని ఇండియానాలోవి, కొన్ని కెనడావి. బండి నంబరు 1, 4, 5లలో ఒకదానితో మొదలైతే ఇక్కడ తయారైంది, 2 అయితే కెనడా, 3 అయితే మెక్సికో. మినహాయింపు వస్తుంది కదా అని వడ్డీ ఎక్కువ కట్టడం మాత్రం దండగ.

ముహూర్తం సంగతి

మన వాళ్లకే ప్రత్యేకమైన బలహీనతలు రెండు. ఒకటి, "అక్కడ మన తెలుగాయన ఉన్నాడు" అని నేరుగా వెళ్లిపోవడం. ఆయన మంచివాడే కావచ్చు. "తమ్ముడూ, నీకు వేరే చెప్తానా" అని ఆప్యాయంగానే అంటాడు. కమీషన్ ఆయనకూ ధరను బట్టే వస్తుంది. ఆయన్నీ ఆ ఆరుగురిలో ఒకరిగా చేర్చి రాతపూర్వకంగా అడగండి, నొచ్చుకోడు. రెండోది ముహూర్తం. అమావాస్య దాటాలి, మంగళవారం వద్దు, శుక్రవారం పదిన్నరకు రాహుకాలం వచ్చేలోగా బండి తీయాలి అంటాం. తప్పేం లేదు. ఆ మాట సేల్స్‌మన్ చెవిన వేయడమే తప్పు. ఈ బేరంలో మనకున్న ఆయుధం లేచి వెళ్లిపోగలగడం ఒక్కటే. గుడిలో వాహన పూజ బుక్ చేసుకుని, నిమ్మకాయలు కొని పెట్టుకుని వచ్చినవాడు ఎక్కడికి లేచి వెళ్తాడు? ధర రాతలో ఖాయమయ్యాక పంచాంగం తీయండి. డబ్బు కట్టి రెండు రోజులాగి తీసుకెళ్తానంటే ఏ డీలరూ కాదనడు.

న్యూజెర్సీ, ఇల్లినాయిలలో ఆదివారం కార్ల అమ్మకాలు చట్టరీత్యా బంద్. టెక్సాస్‌లో శని, ఆదివారాల్లో ఒకరోజు మూయాల్సిందే. చాలాచోట్ల ఆ రోజు లాట్ మాత్రం తెరిచే ఉంటుంది. పిల్లలతో సరదాగా నడుస్తూ, వెంటపడేవాళ్లు లేకుండా, స్టిక్కర్లన్నీ తీరిగ్గా చదివి ఫోన్‌లో ఫొటోలు తీసుకోవచ్చు. ఏ కాగితం ఫ్యాక్టరీది, ఏది డీలర్‌ది అన్నది ఆ ఎండలో స్పష్టంగా కనిపిస్తుంది.

చివరగా, బండి తీసుకునే రోజున రెండో తాళం చెవి, కార్పెట్లు, ఇంకేదైనా "తర్వాత పంపిస్తాం" అంటే 'వీ ఓ' చీటీ మీద రాయించి సంతకం తీసుకోండి. రెండో తాళం చెవి విడిగా కొనాలంటే వందల డాలర్లవుతుంది.