మూలలు నల్లబడని లెన్సు ఏది?

నల్లగుడ్డ కప్పుకొని ఫొటో తీసే పెద్ద కెమెరాకు పాత లెన్సు కొనేవారు నాభ్యంతరం ఒక్కటే చూసి డబ్బిస్తే నష్టపోవచ్చు. లెన్సు లోపల వేసే వెలుగు పళ్లెంలా గుండ్రంగా ఉంటుంది. ఫిల్ము నాలుగు మూలలూ అందులో ఇమడాలి. లేకుంటే గ్రూపు ఫొటోలో చివర నిలబడినవారు చీకట్లో కలిసిపోతారు.

4×5 అంగుళాల ఫిల్ముపై బొమ్మ పడే భాగం మూలనుంచి మూలకు సుమారు 153 మిల్లీమీటర్లు, 8×10 ఫిల్ముపై 312. ష్నైడర్ సిమ్మార్-ఎస్ 150 మి.మీ. లెన్సు రంధ్రాన్ని ఎఫ్ 22కు కుదిస్తే 210 మి.మీ. వృత్తం వస్తుంది. అది మొదటి ఫిల్ముకు పుష్కలం, రెండోదానికి చాలదు.

మిగిలే జాగా వృథా కాదు. గోపురం వెనక్కి వాలినట్టు పడకుండా కెమెరాను నిటారుగా నిలిపి లెన్సును పైకి జరిపేటప్పుడు అదే అక్కరకొస్తుంది.

కొనేముందు దూరపు వస్తువుకు ఫోకస్ చేసి, వెనుక గాజుపలక మూలలు కత్తిరించి ఉంటే అక్కడినుంచి లెన్సులోకి చూడాలి. రంధ్రం పూర్తిగా కనబడితే వెలుగు అందుతున్నట్టే. అంచు కోసుకుపోతే అందనట్టే. వెలుగు అందినా బొమ్మ అలుక్కుపోవచ్చు కనుక ఒక ఫిల్ము తీసి, మూలలను భూతద్దంతో చూశాకే బేరం కుదుర్చుకోవడం మంచిది.